ప్రైమరీ సైన్స్ క్లాసులో ఏఆర్: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న క్లాసుల సైన్సులో ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్) వాడదామనుకునే టీచర్లు, అమ్మానాన్నలు మళ్లీ మళ్లీ అడిగేవన్నీ ఒకచోట పెడుతున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది. ఏఆర్ పిల్లల చూపుని లాగుతుంది, అంతవరకు గ్యారంటీ. ఆ చూపు కుతూహలంగా మారుతుందా లేదా అన్నది మాత్రం ఫోన్ తీయకముందు మీరు ఏం అడిగారు, ఫోన్ పక్కన పెట్టాక వాళ్ల చేతికి ఏమిచ్చారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ప్రశ్న: అసలు ఏఆర్ అంటే ఏంటి? వీఆర్ కూడా అదేనా?

కాదు. వీఆర్‌లో, అంటే వర్చువల్ రియాలిటీలో, కళ్లకి పరికరం కట్టుకుంటే చుట్టూ ఉన్న గది మాయమైపోతుంది. ఏఆర్‌లో గది అలాగే ఉంటుంది, బల్ల అలాగే ఉంటుంది, ఫోన్ కెమెరాలోంచి చూస్తే ఆ బల్ల మీద ఒక గుండె కొట్టుకుంటూ కనిపిస్తుంది. రొనాల్డ్ అజుమా అనే పరిశోధకుడు 1997లో దీనికి మూడు లక్షణాలు చెప్పాడు: నిజమైనదీ కల్పించినదీ కలిసి కనిపించాలి, మనం కదిలిస్తే అప్పటికప్పుడే స్పందించాలి, బొమ్మ త్రీడీలో ఒక చోటికి అతుక్కుని ఉండాలి. టీచర్‌కి ఈ మూడోదే ముఖ్యం. వీడియోలో గుండె వెనకభాగం ఎప్పుడు చూపించాలో వీడియో తీసినవాళ్లు నిర్ణయిస్తారు, ఇక్కడ పిల్లాడు బల్ల చుట్టూ నడిచి వెళ్లి తనే చూస్తాడు.

ఇదేమీ నిన్నమొన్న పుట్టింది కాదు. ఐవన్ సదర్లాండ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లోనే తలకి తగిలించుకునే తెర ఒకటి చేశాడు. మామూలు ఫోన్లలోకి తేలిగ్గా వచ్చింది మాత్రం 2017లో ఆపిల్ ఏఆర్‌కిట్, గూగుల్ ఏఆర్‌కోర్ అనే ఏఆర్ సాఫ్ట్‌వేర్లు ప్రకటించాక. అంతకు ముందు ఏడాదే పోకెమాన్ గో అనే ఫోన్ ఆట పుణ్యమా అని పిల్లలకి సంగతి తెలిసిపోయింది, పెద్దవాళ్లమే ఆలస్యంగా వచ్చాం.

ప్రశ్న: మిగతా సబ్జెక్టులు వదిలేసి సైన్సుకే ఎందుకు ఇంత హడావుడి?

ప్రైమరీ సైన్సులో సగం పాఠాలు కంటికి కనపడని వాటి గురించే కాబట్టి. కొన్ని మరీ పెద్దవి, సౌరకుటుంబం లాంటివి. కొన్ని మరీ చిన్నవి. కొన్ని ఒంటి లోపల ఉంటాయి, కొన్ని నేల లోపల ఉంటాయి, కొన్ని జరగడానికి వేల ఏళ్లు పడుతుంది. ఎనిమిదేళ్ల పిల్లకి పట్టుకుని చూసినదే అర్థమవుతుంది, మనమేమో పుస్తకంలో చదునైన బొమ్మ చూపించి దీన్ని గుండ్రంగా ఊహించుకో అంటాం. ఊహించుకోలేని పిల్లలు నాకు సైన్సు రాదు అనేసుకుంటారు. ఆసక్తి పోయేది చాలాసార్లు అక్కడే, బోర్ కొట్టడం వల్ల కాదు.

ప్రశ్న: పిల్లల్లో మోటివేషన్ నిజంగా పెరుగుతుందా, లేక ఇదంతా అమ్మేవాళ్ల మాటేనా?

రెండూ. కాస్త వివరంగా చెప్పాలి.

జాన్ కెల్లర్ అనే విద్యా పరిశోధకుడు 1980లలో మోటివేషన్‌ని నాలుగు ముక్కలుగా విడగొట్టాడు: ధ్యాస, ఇది నాకు సంబంధించిందే అన్న భావన, నేను చేయగలను అన్న నమ్మకం, చేశాక తృప్తి. 2013లో డి సెరియో, ఇబానెజ్, క్లోస్ అనే ముగ్గురు పరిశోధకులు బడిపిల్లల మీద చేసిన అధ్యయనంలో ఇదే కొలబద్ద వాడారు. అది సైన్సు కాదు, చిత్రకళ పాఠం. స్లైడ్లతో చెప్పినప్పటి కన్నా ఏఆర్‌తో చెప్పినప్పుడు ధ్యాసకీ తృప్తికీ పిల్లలు మెరుగైన మార్కులు వేశారు. క్లాసులో మనం చూసేదీ అదే. ట్యాబ్ బయటికి తీయగానే వెనక బెంచీ కూడా ముందుకి వచ్చేస్తుంది, పీరియడ్ అయ్యాక బాగుంది టీచర్ అంటారు. మధ్యలో ఉన్న రెండు, అంటే నాకు సంబంధించిందే అనీ నేను చేయగలననీ అనిపించడం, యాప్ దానంతటది తెచ్చిపెట్టదు.

ఇంకో అధ్యయనం ఉంది, ఏఆర్ గురించి ఉత్సాహంగా మాట్లాడేవాళ్లు సాధారణంగా దాని జోలికి పోరు. 2006లో కెరవాలా అనే పరిశోధకురాలి బృందం ఇంగ్లండ్‌లో పదేళ్ల పిల్లలకి భూమి, సూర్యుడు, పగలూ రాత్రీ పాఠం ఏఆర్‌తోనూ మామూలు పద్ధతిలోనూ చెప్పించి పోల్చింది. తేలిందేమిటంటే, మామూలు క్లాసులో నేను భూమి, నువ్వు సూర్యుడు అంటూ వేషాలు కట్టి తిరిగిన పిల్లలే ఎక్కువగా పాలుపంచుకున్నారు. ఏఆర్ క్లాసులో టీచర్లు ఎక్కువగా చూడండి, ఏం కనిపిస్తోందో చెప్పండి అని అడిగారు, పిల్లలు ప్రేక్షకులైపోయారు. ఆ పరిశోధకులు చివర్లో చెప్పింది కూడా సూటిగానే ఉంది: టీచర్ తన పాఠానికి తగ్గట్టు మార్చుకునే వీలుండాలి, పిల్లలు వెతికి తెలుసుకునే పని ఉండాలి, అదీ ఒక పీరియడ్‌లో అయిపోవాలి. యాప్‌లు అప్పటికీ ఇప్పటికీ ఎంతో మారాయి, ఆ మూడు షరతులు మాత్రం ఇంకా అంతే అవసరం.

ప్రశ్న: కొత్త మోజు తీరిపోయాక ఏంటి పరిస్థితి?

తీరిపోతుంది, అందులో అనుమానం అక్కర్లేదు. మొదటిరోజు ఎగబడతారు, నాలుగోసారికి అదే బొమ్మా టీచర్ అంటారు. హైడీ, రెన్నింగర్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఆసక్తి ఎలా పెరుగుతుందో నాలుగు దశల్లో చెప్పారు. మొదటిది ఏదో ఒకటి తటాలున ఆకట్టుకోవడం, రెండోది ఆ ఆసక్తి కొన్నాళ్లు నిలబడటం, మూడోది పిల్లాడు తనంతట తాను మళ్లీ దాని దగ్గరికి రావడం మొదలుపెట్టడం, నాలుగోది అది తన స్వభావంలో భాగమైపోవడం. ఏఆర్ మొదటి మెట్టు ఎక్కిస్తుంది. రెండో మెట్టు నుంచి పని మనది: పిల్లలు అడిగిన ప్రశ్నని వదిలేయకుండా మర్నాడు మళ్లీ ఎత్తడం, గ్రూపుగా చేసే పని ఇవ్వడం, వాళ్లు కనిపెట్టినదాన్ని గోడకి అంటించడం.

అందుకే నెలకి ఒకటి రెండు పాఠాలకి మించి వాడొద్దనే నేనంటాను. రోజూ పండగైతే పండగ విలువ పోతుంది.

ప్రశ్న: ఏ పాఠాలకి వాడాలి, ఏవాటికి అక్కర్లేదు?

నిజమైనది చేతికి దొరికితే ఏఆర్ వద్దు, అంతే. విత్తనం మొలకెత్తడం తడి దూదిలో చూడొచ్చు. అయస్కాంతం, నీడలు, నీళ్లు ఆవిరవడం, చీమల బారు, ఆకు ఈనెలు, ఇవన్నీ ఉచితంగా, వాసనతో సహా దొరుకుతాయి. ట్యాబ్‌లో మొక్క పెరగడం చూపించి, కిటికీ బయట ఉన్న మొక్క వైపు చూడనివ్వని క్లాసు గురించి ఏమనాలో నాకు తెలియదు.

బాగా పనికొచ్చేవి: చంద్రకళలు, భూభ్రమణం, గుండె, ఊపిరితిత్తులు, పన్ను లోపలి పొరలు, అగ్నిపర్వతం లోపలి భాగం, డైనోసార్ అసలు పరిమాణం, రాత్రి ఆకాశంలో నక్షత్రాల గుంపులు. డైనోసార్ల గురించి ఒక మాట. పుస్తకంలో అన్నీ ఒకే సైజులో ఉంటాయి కాబట్టి పిల్లలకి కొలత అందదు. ఆటస్థలంలో అసలు సైజులో నిలబెట్టి, దాని తోక చివరి నుంచి తల దాకా అడుగులు లెక్కపెట్టమంటే లెక్కల పీరియడ్ కూడా అయిపోతుంది.

ప్రశ్న: ఒక పీరియడ్ ఎలా నడపాలో ఉదాహరణతో చెప్తారా?

చంద్రకళలు తీసుకుందాం, ఎందుకంటే పెద్దవాళ్లు కూడా తప్పుగా చెప్పే పాఠం ఇది.

ముందు ట్యాబ్ సంచిలోనే ఉండనివ్వండి. చంద్రుడు ఒకరోజు నిండుగా, ఒకరోజు సగం, ఒకరోజు సన్నటి గీతలా ఎందుకుంటాడో బొమ్మ గీసి చూపించమనండి. చాలామంది భూమి నీడ పడుతుంది అనే గీస్తారు, ఇంకొందరు మబ్బులు గీస్తారు. ఏదీ తప్పని చెప్పొద్దు, కాగితాలు తీసి పక్కన పెట్టండి. తను గీసినదాని మీద పిల్లాడికి ఒక పందెం ఉన్నట్టయింది, ఇక చూసే చూపు మారుతుంది.

ఇప్పుడు ఏఆర్. కెమెరా గుర్తుపట్టే బొమ్మ ముద్రించిన కార్డులు వాడతాం: భూమి కార్డు బల్ల మధ్యలో, చంద్రుడి కార్డు ఒకరి చేతిలో, సూర్యుడు ఒకవైపు. చంద్రుణ్ణి భూమి చుట్టూ తిప్పమని, పైనుంచి చూసినప్పుడు చంద్రుడి మీద ఎంత భాగానికి వెలుగు పడుతోందో చెప్పమని అడగండి. ఎక్కడ పెట్టినా సగమే. అది వాళ్లంతట వాళ్లు పట్టుకునేదాకా ఆగండి, కొంచెం గోల ఉంటుంది, ఫర్వాలేదు. తర్వాత ఫోన్‌ని భూమి ఉన్నచోటికి దించి అక్కడి నుంచి చంద్రుణ్ణి చూడమనండి. ఆ సగంలో మనకి ఒక్కోసారి ఒక్కో ముక్కే కనిపిస్తుందని అర్థమయ్యేది ఆ క్షణంలోనే. ఇంత చేయడానికి పది నిమిషాలు చాలు. ట్యాబ్ మూసేయండి.

ఆఖరున గది చీకటి చేసి ఒక బల్బు వెలిగించి, పెన్సిల్‌కి గుచ్చిన తెల్లటి థర్మోకోల్ బంతి చేతికివ్వండి. పిల్లాడి తలే భూమి. బంతిని చాచి పట్టుకుని తన చుట్టూ తాను తిరిగితే అన్ని కళలూ వరసగా కనిపిస్తాయి. బల్బుకి వీపు పెట్టిన చోట ఒక తమాషా జరుగుతుంది. బంతిని కళ్లకి సమానంగా పట్టుకున్నవాళ్లకి తల నీడ దాని మీద పడి బంతి నల్లబడుతుంది, గ్రహణం అని ఎవరో ఒకరు అరుస్తారు. మరి ప్రతి పౌర్ణమికీ గ్రహణం రావాలి కదా, ఎందుకు రావట్లేదు అని అడగండి. కాసేపటికి ఎవరో ఒకరు బంతిని కాస్త పైకెత్తుతారు. భూమి దారితో పోలిస్తే చంద్రుడి దారి దాదాపు 5 డిగ్రీలు వాలి ఉంటుందన్న సంగతి అప్పుడు చెప్తే నిలుస్తుంది, మొదట్లోనే చెప్తే నిలవదు. చివరికి కాగితాలు తిరిగి ఇచ్చేయండి. వాళ్ల బొమ్మలు వాళ్లే దిద్దుకుంటారు.

ప్రశ్న: ఉన్నది ఒకే ఫోను, పిల్లలు నలభై మంది. ఎలా?

ఫోన్ తెరని ప్రొజెక్టర్ మీదకి పంపడం తేలిక, కానీ అప్పుడది మళ్లీ వీడియో అయిపోతుంది. అలా చేయక తప్పకపోతే కార్డుల్ని తిప్పే పని మాత్రం పిల్లలకి ఇవ్వండి, ఎటు తిప్పాలో క్లాసంతా చెప్పాలి.

ఇంకా మంచిది, క్లాసుని గ్రూపులుగా చేసి నాలుగైదు పనులు పెట్టడం. ఒకచోట ఏఆర్, ఒకచోట బంతీ బల్బూ, ఒకచోట బొమ్మ గీయడం, ఒకచోట చదవడం, పది నిమిషాలకోసారి మార్పు. ఏఆర్ బల్ల దగ్గర నలుగురికి నాలుగు పనులుండాలి: ఒకరు ఫోన్ పట్టుకోవడం, ఒకరు కార్డు కదపడం, ఒకరు కనిపించింది గట్టిగా చెప్పడం, ఒకరు రాయడం. రెండు నిమిషాలకి మార్చకపోతే ఫోన్ పట్టుకున్నవాడు దాన్ని గుండెలకి హత్తుకుని వదలడు, మిగతా ముగ్గురూ వాడి మోచేయి చూస్తూ నిలబడతారు. వాళ్లకి మోటివేషన్ పెరగదు సరికదా ఒళ్లు మండుతుంది.

ప్రశ్న: పాత ఫోన్లో పనిచేస్తుందా?

కార్డు మీది బొమ్మని గుర్తుపట్టి నడిచే యాప్‌లు చాలా పాత ఫోన్లలో కూడా పనిచేస్తాయి. కార్డు లేకుండా నేలనీ బల్లనీ తనే గుర్తుపట్టే రకానికి మాత్రం ఏఆర్‌కోర్ లేదా ఏఆర్‌కిట్‌కి సరిపోయే ఫోన్ ఉండాలి, చవక ట్యాబ్‌లలో చాలావాటికి అది ఉండదు. డబ్బు పెట్టే ముందు సరిగ్గా ఆ మోడల్‌లోనే యాప్ వేసి చూడండి, దానిలాంటిదే ఇంకోదాంట్లో కాదు.

ప్రశ్న: బొమ్మ రావట్లేదు, వచ్చినా వణుకుతోంది. ఏం చేయాలి?

పదికి తొమ్మిదిసార్లు కారణం వెలుతురో, బల్లో. ఫోన్ ఉపరితలాన్ని గుర్తుపట్టేది దాని మీది చుక్కలు, గీతలు, మరకల ఆధారంగానే. తళతళలాడే తెల్ల బల్ల మీద దానికి పట్టు దొరకదు. పాత న్యూస్‌పేపర్ ఒకటి పరిస్తే టక్కున వచ్చేస్తుంది. కార్డుల్ని లామినేట్ చేయించడం కూడా తెలివైన పనిలా కనిపిస్తుంది గానీ ట్యూబ్‌లైట్ మెరుపు దాని మీద పడగానే కెమెరాకి బొమ్మ కనపడదు. మామూలు కాగితం మీద ప్రింట్ తీసి అట్టకి అతికించండి, వంగకుండా ఉంటుంది. కిటికీకి ఎదురుగా కూర్చోపెట్టకండి. ఫోన్‌ని మొదట మెల్లగా అటూ ఇటూ కదిపి అప్పుడు దగ్గరికి తీసుకెళ్లమనండి, పిల్లలు మొదటే కార్డుకి ముక్కు ఆనించేంత దగ్గరగా పెడతారు.

వరసగా వాడితే ఫోన్ వేడెక్కుతుంది, ఛార్జింగ్ కళ్ల ముందే పడిపోతుంది. నెట్ కావాల్సిన యాప్ అయితే ముందురోజే బొమ్మలన్నీ దింపి పెట్టుకుని, ఒకసారి నెట్ ఆపేసి తెరిచి చూడండి.

ప్రశ్న: హెడ్‌సెట్లు కొనమంటున్నారు, కొనాలా?

వద్దు. ఫేస్‌బుక్ కంపెనీ మెటా కళ్లకి కట్టుకునే తన క్వెస్ట్ హెడ్‌సెట్లకి కనీస వయసు 10 ఏళ్లని పెట్టింది, అదీ పెద్దవాళ్ల అజమాయిషీలోని ఖాతాతో. ఆపిల్ హెడ్‌సెట్ విజన్ ప్రోకి 13. ప్రైమరీ పిల్లల్లో ఎక్కువమంది ఆ గీతకి కిందే ఉంటారు. పైగా పక్కవాడి మొహం కనపడకుండా చేసే పరికరం గ్రూపుగా నేర్చుకునే క్లాసులో దేనికి?

ప్రశ్న: బొమ్మలు చూసి పిల్లలు తప్పుగా నేర్చుకునే ప్రమాదం లేదా?

ఉంది, నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. చదువు పుస్తకంలో బొమ్మ బొమ్మేనని పిల్లలకి తెలుసు. ఏఆర్‌లో అది బల్ల మీద నిజంగా ఉన్నట్టే కనిపిస్తుంది కాబట్టి అలాగే నమ్ముతారు.

సౌరకుటుంబం యాప్‌లలో చాలావాటిలో కొలతలు అబద్ధమే, ఎందుకంటే నిజం చూపిస్తే తెరలో ఏమీ పట్టదు. సూర్యుడి వ్యాసం భూమికి దాదాపు 109 రెట్లు, చంద్రుడు భూమికి దాదాపు 30 భూవ్యాసాల దూరంలో ఉంటాడు. యాప్‌లో మాత్రం చంద్రుడు భూమి భుజం మీదే తిరుగుతుంటాడు. అందుకని ఏఆర్ అయిపోయాక ఒక బాస్కెట్‌బాల్, ఒక టెన్నిస్ బంతి తీసుకోండి, పరిమాణాల నిష్పత్తి ఇంచుమించు సరిపోతుంది. వాటిని ఎంత దూరంలో పెట్టాలో ఊహించమంటే జానెడు అంటారు, బారెడు అంటారు. దాదాపు 7 మీటర్లు నడిపించి అక్కడ పెట్టించండి.

కక్ష్యల్ని బాగా సాగదీసి కోడిగుడ్డులా చూపించే యాప్‌లతో ఇంకో చిక్కుంది. భూమి సూర్యుడికి దగ్గరైతే వేసవి, దూరమైతే చలికాలం అనే పాత పొరపాటుకి అవి నీళ్లు పోస్తాయి. అసలు సంగతి చూస్తే భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదట్లో, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు. బాగా దూరమయ్యేది జులైలో, దాదాపు 15.2 కోట్లు. రుతువులకి కారణం అక్షం వాలు. గుండె యాప్‌లలో నీలం రక్తం సంగతీ ఇంతే. సిరల్లో రక్తం నీలంగా ఉండదు, ముదురు ఎరుపులో ఉంటుంది, నీలం రంగు మనకి తేడా తెలియడానికి వేసింది.

నా సలహా, ఈ లోపాల్ని దాచకండి, వాటితోనే ఆట ఆడించండి. ఈ బొమ్మలో అబద్ధాలు ఎన్నున్నాయో కనిపెట్టండి అంటే ఐదో క్లాసు పిల్లలు యాప్ తయారుచేసినవాళ్ల మీద కేసు పెట్టేంత పట్టుదలగా వెతుకుతారు. నేను చూసినంతలో ఏఆర్‌తో వచ్చే అసలైన ఉత్సాహం ఇదే. తెర మీది నిప్పుల కొండకి వచ్చే చప్పట్లు దీని ముందు దిగదుడుపే.

ప్రశ్న: ఏ యాప్‌లు వాడమంటారు?

పేర్లు చెప్పడానికి కొంచెం వెనకాడతాను. యాప్‌లకి ఆయుష్షు తక్కువ. ఆరాస్మా అని ఒకటి ఉండేది, తర్వాత హెచ్‌పీ రివీల్ అయింది, టీచర్లు దాంట్లో ఎన్నో పాఠాలు చేసిపెట్టుకున్నాక మూతపడింది. గూగుల్ బడుల కోసం తెచ్చిన ఎక్స్‌పెడిషన్స్ యాప్ కూడా 2021లో ఆపేశారు. కాబట్టి పాఠం అల్లిక మీ నోట్సులో ఉండాలి, యాప్ అందులో ఒక పది నిమిషాల ముక్క కావాలి. అది పోతే ఇంకోటి పెట్టుకోవచ్చు.

ఇక రకాలు. క్వివర్ లాంటివాటిలో పిల్లలు రంగులేసిన కాగితమే త్రీడీలో లేస్తుంది, వాళ్లు వేసిన రంగులతోనే, అందుకే చిన్న క్లాసులకి ప్రాణం. మెర్జ్ క్యూబ్ ఒక మెత్తటి ఘనం, చేత్తో తిప్పుతుంటే దాని స్థానంలో పుర్రో గ్రహమో తిరుగుతుంది. వర్చువాలి-టీ అనే టీషర్టు వేసుకుంటే ఒంటి లోపలి అవయవాలు ఆ షర్టు మీద కనిపిస్తాయి, ఎవరు వేసుకోవాలన్న దగ్గర కొట్లాట తప్పదు. నాసా 2018లో స్పేస్‌క్రాఫ్ట్ ఏఆర్ తెచ్చింది. ఆకాశం వైపు ఫోన్ పెడితే నక్షత్రాల పేర్లు చెప్పేవి చాలానే ఉన్నాయి, వాటిని ఇంటిపనిగా ఇస్తే ఇంట్లో పెద్దవాళ్లు కూడా డాబా ఎక్కుతారు.

ఫోనే అక్కర్లేని ఏఆర్ కూడా ఉంది. ఇసుక పెట్టె మీద ప్రొజెక్టరూ లోతు కొలిచే కెమెరా బిగిస్తారు. ఇసుక పోగుచేస్తే కొండ రంగు, తవ్వితే చెరువు రంగు, అరచెయ్యి పైన చాపితే వాన పడి నీళ్లు పల్లానికి పారతాయి. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో ఒలివర్ క్రెలోస్ దీని సాఫ్ట్‌వేర్ రాశాడు, అది ఉచితం. బిగించడం కాస్త పెద్ద పనే. అయినా పది చేతులు ఒకేసారి పెట్టగలిగే ఏఆర్ నాకు తెలిసి ఇదొక్కటే.

ప్రశ్న: పిల్లలే తయారుచేయగలరా?

నాలుగు, ఐదు క్లాసులవాళ్లు భేషుగ్గా చేస్తారు. త్రీడీ బొమ్మలు గీయక్కర్లేదు. దొరికే బొమ్మని తీసుకుని దానికి తమ గొంతుతో వివరణ అంటించడం, కింది క్లాసు పిల్లలకి చూపించడం చాలు. చిన్నవాళ్లకి చెప్పాలన్న భయంతోనే పాఠం రెండుసార్లు చదువుతారు. డెసీ, రయన్ అనే మనస్తత్వవేత్తలు చెప్పిన మూడు అవసరాలు, అంటే తన ఇష్టప్రకారం చేయడం, చేతనవుతోందన్న భావన, పక్కవాళ్లతో అనుబంధం, మూడూ ఇక్కడ ఒక్క దెబ్బకి దొరుకుతాయి.

ప్రశ్న: ఇప్పటికే ఫోన్లకి అతుక్కుపోయారు, బడిలో కూడానా?

న్యాయమైన కోపమే. పీరియడ్‌లో పది నిమిషాలు, అదీ నిలబడి, నడుస్తూ, పక్కవాళ్లతో మాట్లాడుతూ అని అమ్మానాన్నలకి చెప్పండి. చెప్పడం కన్నా ఒకసారి పిలిచి చూపించడం మేలు. ఇంట్లో ఆ యాప్ వేయించుకోవాలని మాత్రం ఒత్తిడి పెట్టకండి.

ప్రశ్న: కెమెరా వాడుతున్నాం కదా, పిల్లల వివరాలు బయటికి పోవా?

ఖాతా తెరవమనే యాప్ అయితే పిల్లల పేర్లతో తెరవొద్దు, టీచర్ ఖాతా ఒక్కటే వాడండి. కెమెరా అనుమతి తప్పనిసరి, కాంటాక్టులు, లొకేషన్ అడిగితే ఎందుకని అనుమానించండి. మొహాలు పడేలా స్క్రీన్ రికార్డింగ్ వద్దు. ప్రకటనలు వచ్చే ఉచిత యాప్‌లని క్లాసులోకి రానివ్వకపోవడం మంచిది.

ప్రశ్న: భయపడే పిల్లలు, చూపు సరిగా లేని పిల్లల సంగతేంటి?

చేతి మీద సాలీడు పాకుతున్నట్టు కనిపిస్తే కొందరు కేరింతలు కొడతారు, ఒకరిద్దరు బల్ల కిందకి దూరతారు. ముందే చెప్పండి, దూరంగా ఉండి చూసే వీలివ్వండి. చూపు తక్కువున్న పిల్లలకి మట్టితో చేసిన గుండె చేతికిచ్చి, పక్కనున్నవాళ్లు కనిపించేది వర్ణించాలని పెట్టండి. ఆ వర్ణించే పని వల్ల చూపున్నవాళ్లు కూడా శ్రద్ధగా చూస్తారు. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు ప్రతి క్లాసులోనూ ఒకరుండొచ్చు, ఎర్రటి భాగం ఏది అని అడక్కండి, ఎడమవైపున్న భాగం అనండి.

ప్రశ్న: ఆసక్తి పెరిగిందని ఎలా తెలుసుకోవాలి?

బాగుందా అని అడగొద్దు, అందరూ బాగుంది అనే చెప్తారు. కెల్లర్ కొలబద్దలో 36 వాక్యాలున్నాయి, ఏడేళ్ల పిల్లాడు వాటికి కూర్చోడు. నేను చూడమనేవి వేరు. పాఠం మర్నాడు ఎవరూ అడక్కుండా దాని గురించి ఎవరు మాట్లాడారు? వాళ్లడిగే ప్రశ్నలు ఇది ఎలా తిరుగుతుంది అని యాప్ గురించా, చంద్రుడు ఎందుకు కింద పడడు అని చంద్రుడి గురించా? రెండువారాల తర్వాత ఆ బొమ్మే మళ్లీ గీయమంటే మొదటి రోజు గీసినదానికీ దీనికీ ఎంత తేడా ఉంది? ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒక్కమాటైనా అడిగిందా? ఈ చివరిది రికార్డులో ఎక్కదు గానీ నేను ముందు చూసేది దాన్నే.

ప్రశ్న: నాకు టెక్నాలజీ అంతగా రాదు, పిల్లల ముందు ఇబ్బంది పడతానేమో?

యాప్ నడపడం పిల్లలకి వచ్చు, ఏం అడగాలో మీకు వచ్చు. పని పంచుకోండి.

ప్రశ్న: ఒకే ఒక్క పాఠంతో మొదలుపెట్టమంటే ఏది?

గుండె. ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకోవడం నేర్పండి, దొరకనివాళ్లకి మెడ పక్కన దొరుకుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించి నోట్సులో రాయమనండి. తర్వాత ఏఆర్ గుండె చూపించండి, రక్తం ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్తోందో వేలితో వెంబడించమనండి. ఇప్పుడు అందరినీ లేపి ఒక నిమిషం గెంతించి, మళ్లీ నాడి చూసి, బల్ల మీది గుండెని ఇంకోసారి చూడమనండి. వాళ్ల గుండె దడదడలాడుతుంటుంది, బొమ్మ గుండె మాత్రం ఇందాకటి వేగంతోనే కొట్టుకుంటుంటుంది. టీచర్, దీనికి మనం గెంతామని తెలియదా అని ఎవరో ఒకరు అంటారు. మరి మీ గుండెకి ఎవరు చెప్పారు అని అడిగి, గంట కొట్టేదాకా వాళ్లనే మాట్లాడనివ్వండి.